ముందు యాక్సిల్ కింద: కమాను కట్టలు, హబ్బు బేరింగులు మార్చిన నా అనుభవం

మట్టిదారుల్లోనూ వాగుల్లోనూ తిప్పే నా ఫోర్ వీల్ డ్రైవ్ బండి పాత తరహాది. ముందూ వెనకా గట్టి యాక్సిళ్లు (రెండు వైపుల చక్రాలనూ కలిపే ఇరుసులు), వాటికి కమాను కట్టలు (ఒకదాని మీద ఒకటి పేర్చిన ఉక్కు పట్టీల స్ప్రింగులు), ముందు హబ్బుల (చక్రం బిగించే, బేరింగుల మీద తిరిగే మధ్య భాగాల) మీద చేత్తో తిప్పే లాకులు, ఒక్కో హబ్బు లోపల రెండేసి టేపర్ రోలర్ బేరింగులు దీని అమరిక. ముందు కమాను కట్టలు ఏళ్ల తరబడి బరువు మోసి వంపు పోగొట్టుకుని దాదాపు చదునైపోయాయి. చిన్న గుంతలో పడినా యాక్సిల్ వెళ్లి బంప్ స్టాపుకు (అది మరీ పైకి రాకుండా ఆపే దిమ్మకు) కొట్టుకునేది. షాక్ అబ్జార్బర్లలో ఒకటి నూనె కార్చుకుంటూ ఒళ్లంతా మట్టి పట్టించుకుని ఉండేది. వీటికి తోడు కుడి ముందు చక్రం నుంచి ఒక మూలుగు మొదలైంది. ఎటూ చక్రాలు విప్పి, బ్రేకులను పక్కకు కట్టి, యాక్సిల్‌ను కట్టల నుంచి వేరు చేయక తప్పదు కాబట్టి, సస్పెన్షన్ పనినీ బేరింగుల పనినీ ఒకే విడతలో నేనే చేసుకోవాలని నిర్ణయించుకున్నాను.

రెండు పనులూ పక్కపక్కనే చేయడం వల్ల నాకు స్పష్టంగా అర్థమైన సంగతి ఒకటుంది. సస్పెన్షన్ బోల్టుల చివరి బిగింపు బండి బరువు చక్రాల మీద ఉండగానే జరగాలి. హబ్బు బేరింగు చివరి బిగింపు చక్రం మీద ఏ బరువూ లేకుండా, హబ్బు తిరుగుతూ ఉండగా జరగాలి. ఈ రెండే షరతులు. విప్పడానికీ ఎక్కించడానికీ కండబలం, మంచి పానాలు చాలు. కొత్త భాగాలు ఎంతకాలం మన్నుతాయన్నది మాత్రం ఈ చివరి బిగింపులు ఏ స్థితిలో జరిగాయన్న దాని మీదే ఆధారపడుతుంది.

మొదట ఆ మూలుగు ఎక్కడిదో తేల్చుకోవలసి వచ్చింది. మట్టిదారుల కోసం చేసిన పెద్ద గడుల టైర్లు కూడా తారురోడ్డు మీద బాగా మోత చేస్తాయి, అందువల్ల చాలామంది బేరింగు చప్పుడును టైరు చప్పుడనుకుని వదిలేస్తారు. టైరు మోత రోడ్డు మారితే మారుతుంది; గరుకు రోడ్డు మీద ఒకలాగా, నున్నటి రోడ్డు మీద ఇంకొకలాగా వినిపిస్తుంది. బేరింగు మోతకు రోడ్డుతో పెద్దగా సంబంధం లేదు, బరువుతో ఉంటుంది. ఖాళీ రోడ్డు మీద ఒకే వేగంతో వెళ్తూ స్టీరింగును కొద్దిగా ఎడమకు తిప్పితే బండి బరువు కుడి చక్రం మీదికి ఒరుగుతుంది. అలా చేసినప్పుడు దూరంగా ఎవరో తిరగలి తిప్పుతున్నట్టున్న ఆ మూలుగు పెరిగింది, కుడికి తిప్పినప్పుడు తగ్గింది. ఆ తరువాత చక్రాన్ని గాలిలోకి లేపి, కమాను కట్ట మీద ఒక చెయ్యి ఆనించి, రెండో చేత్తో చక్రాన్ని నెమ్మదిగా తిప్పాను. చెవికి దాదాపు ఏమీ వినిపించలేదు కానీ అరచేతికి మాత్రం సన్నటి గరగర స్పష్టంగా తెలిసింది. ఇనుము గుండా వచ్చే కదలికను పట్టుకోవడంలో చెవి కన్నా చెయ్యి నమ్మదగినదని నా అభిప్రాయం.

చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే ఆట (వదులు) కనిపించింది. అయితే పైకీ కిందికీ ఉన్న ఆట అంతా బేరింగుదే కానక్కర్లేదు. కింగ్ పిన్ (స్టీరింగు తిప్పినప్పుడు చక్రం మలుపు తిరిగే కీలు) అరిగినా చక్రం అలాగే ఊగుతుంది. ఈ తేడా తేల్చడానికి సులువైన పద్ధతి ఉంది. ఒకరిని బండిలో కూర్చోబెట్టి బ్రేకు నొక్కి పట్టుకోమనాలి. బ్రేకు పడగానే డిస్కు, క్యాలిపర్ కలిసి హబ్బును నకుల్‌కు (హబ్బును మోస్తూ స్టీరింగుతో తిరిగే భాగానికి) కట్టేసినట్టవుతుంది కాబట్టి, అప్పుడు ఆట పోతే బేరింగుది, పోకపోతే కింగ్ పిన్‌ది. నా బండిలో బ్రేకు నొక్కగానే ఊపు దాదాపు ఆగిపోయింది. పక్కలు పట్టుకుని ఊపినప్పుడు మాత్రమే కనిపించే ఆట సాధారణంగా స్టీరింగు రాడ్ల చివరలది; అది ఈ పనిలోకి రాదు.

బండిని పైకి లేపడం గురించి ఎక్కువ చెప్పను కానీ ఒక్క జాగ్రత్త మాత్రం చెప్పి తీరాలి. కొన్ని పాత తరహా బండ్లలో చేతి బ్రేకు వెనక చక్రాల దగ్గర కాక గేరుబాక్సు వెనక, ప్రొపెల్లర్ షాఫ్టు మీద పనిచేస్తుంది. అలాంటి బండిలో వెనక చక్రం ఒక్కటి నేల వదిలిందంటే డిఫరెన్షియల్ వల్ల నేల మీదున్న రెండో చక్రం స్వేచ్ఛగా తిరుగుతుంది, చేతి బ్రేకు ఉన్నా లేనట్టే. అందుకే వెనక చక్రాలకు ముందూ వెనకా చెక్క దిమ్మలు పెట్టిన తరువాతే ముందు భాగాన్ని లేపాను. స్టాండ్లను యాక్సిల్ కింద కాక ఛాసీ కింద పెట్టాను. యాక్సిల్ కిందికి వేలాడాలి, దాన్ని విడిగా జాకీతో పైకీ కిందికీ జరుపుకునే వీలుండాలి.

పాత భాగాలు విప్పడంలో ఎక్కువ సమయం తిన్నది తుప్పే. షాకిల్ (కట్ట చివరను ఛాసీకి కలిపే ఊగే బిళ్లల) బోల్టులు బుష్‌ల (బోల్టు చుట్టూ ఉండే రబ్బరు తొడుగుల) లోపలి ఇనుప గొట్టాలకు పట్టేసి ఉన్నాయి. నట్టు వదులైంది కానీ బోల్టు కదలదు. పానాతో తిప్పితే బోల్టుతో పాటు బుష్ రబ్బరు కూడా మెలిపడి, వదలగానే వెనక్కి తిరిగిపోతుంది. తుప్పు వదిలించే నూనె ముందు రోజే పోసి ఉంచితే కొన్ని లొంగాయి. మిగిలినవాటిని కోసేయవలసి వచ్చింది. మంట పెట్టి కాల్చడం తొందరగా అయ్యే దారే కానీ, బ్రేకు గొట్టాలూ పెట్రోలు పైపులూ అంత దగ్గరగా ఉన్న చోట రబ్బరు అంటించడం నాకు ఇష్టం లేకపోయింది. కొత్త బోల్టులు, కొత్త యూ బోల్టులు ముందే తెచ్చి పెట్టుకున్నాను కాబట్టి పాతవాటిని కోయడానికి వెనకాడలేదు. యూ బోల్టులను మళ్లీ వాడకూడదన్న నియమాన్ని కొందరు తేలిగ్గా తీసుకుంటారు. బిగించినప్పుడు అవి సాగి, ఆ సాగుదల వల్లే యాక్సిల్‌ను కట్టకు అదిమి పట్టుకుంటాయి. ఒకసారి సాగిన మరలు రెండోసారి అంతే బిగువు నిలుపుతాయన్న భరోసా లేదు.

యూ బోల్టులు విప్పేముందు యాక్సిల్ కింద జాకీ పెట్టి, కట్ట మీద ఒత్తిడి లేని ఎత్తుకు దాన్ని సర్దాలి. ఆ ఎత్తు సరిగ్గా కుదిరినప్పుడు చివరి నట్టు వేళ్లతోనే ఊడి వస్తుంది, కట్ట ఎటూ ఎగరదు. ఒక వైపు కట్ట మార్చి అన్నీ వేళ్లతో బిగించిన తరువాతే రెండో వైపు ముట్టుకున్నాను. రెండు వైపులూ ఒకేసారి విప్పితే యాక్సిల్ ముందుకో వెనక్కో జరిగి, మళ్లీ దాన్ని దారిలో పెట్టడం ఒంటరి మనిషి వల్ల అయ్యే పని కాదు.

కొత్త కట్టలు బండిని సుమారు 50 మిల్లీమీటర్లు పైకి లేపేవి. కమాను కట్ట మధ్యలో పట్టీలన్నిటినీ కలిపి ఉంచే సెంటర్ బోల్టు తల, యాక్సిల్ మీది పీటలో ఉన్న రంధ్రంలో సరిగ్గా కూర్చోవాలి. చూడటానికి చిన్న విషయమే అయినా యాక్సిల్ నిటారుగా ఉండటమన్నది దాని మీదే ఆధారపడుతుంది. బోల్టు తల అంచు మీద నిలిచి ఉండగా యూ బోల్టులు బిగిస్తే ఒక చక్రం రెండో దాని కన్నా వెనక ఉంటుంది, ఏ అలైన్‌మెంటూ దాన్ని సరిచేయలేదు. టార్చి వేసి, వేలు పెట్టి తడిమి చూసుకున్నాకే నట్లు ఎక్కించాను. యూ బోల్టుల నాలుగు నట్లనూ ఎదురెదురు మూలలుగా, కొద్దికొద్దిగా బిగిస్తూ వచ్చాను. రెండు వైపులా పైకి వచ్చిన మరల పొడవు సమానంగా కనిపించాలి.

ఎత్తు పెంచే మరో చౌక పద్ధతి పొడవాటి షాకిళ్లు వేయడం. నేను దాన్ని వద్దనుకున్నాను. యాక్సిల్ కట్ట మధ్యలో ఉంటుంది కాబట్టి షాకిల్ 50 మిల్లీమీటర్లు పొడవు పెరిగినా బండి లేచేది అందులో సగమే. పైగా కట్ట ఒక చివరే దిగడం వల్ల యాక్సిల్ కూడా కొద్దిగా తిరుగుతుంది. షాకిల్ ముందు చివర ఉన్న బండ్లలో ఇది కాస్టర్ కోణాన్ని (కింగ్ పిన్ వెనక్కి వాలిన కోణాన్ని) తగ్గిస్తుంది, దాంతో స్టీరింగు తనంతట తాను నిటారుకు రావడం మానేసి వేగంలో బండి అటూ ఇటూ తూలుతుంది. బండి తయారైనప్పుడున్న షాకిల్ పొడవునే ఉంచి కట్ట వంపును పెంచుకుంటే ఈ తలనొప్పి చాలావరకు ఉండదు.

బుష్‌ల దగ్గర మొదటి షరతు వర్తిస్తుంది. రబ్బరు బుష్ లోపల ఒక ఇనుప గొట్టం ఉంటుంది, రబ్బరు దానికి అతికి ఉంటుంది. బోల్టు బిగించినప్పుడు ఆ గొట్టం రెండు బిళ్లల మధ్య నొక్కుకుని కదలకుండా నిలిచిపోతుంది. ఆ తరువాత కట్ట పైకీ కిందికీ ఆడినప్పుడల్లా రబ్బరే మెలిపడి మళ్లీ యథాస్థితికి వస్తుంది. యాక్సిల్ వేలాడుతుండగా బోల్టు పూర్తిగా బిగించేస్తే, బండిని దించిన క్షణం నుంచే రబ్బరు ఒక వైపు మెలిపడి ఉంటుంది. గుంతల్లో ఆ మెలి ఇంకా పెరుగుతుంది, కొన్నాళ్లకే రబ్బరు చిరుగుతుంది. బండి నిలబడే ఎత్తు కూడా తప్పుగా కనిపిస్తుంది, ఎందుకంటే మెలిపడిన రబ్బరు దాన్ని కొంత పైకి నెడుతుంది. అందుకని కట్ట చివరల బోల్టులన్నిటినీ నట్టు ఆనేంతవరకే తిప్పి వదిలేశాను. పాలీయూరిథేన్ బుష్‌లకు ఈ బాధ లేదు. అవి గొట్టం చుట్టూ తిరుగుతాయి, కాకపోతే వాటికి సరైన సిలికాన్ గ్రీజు పెట్టకపోతే కిచకిచమంటాయి. రబ్బరు బుష్‌లకు మామూలు గ్రీజు రాయడం మాత్రం కూడదు, పెట్రోలియం నూనెలు రబ్బరును ఉబ్బించి మెత్తబరుస్తాయి. దూర్చడం కష్టమైతే సబ్బునీళ్లు చాలు.

షాక్ అబ్జార్బర్లు ఎక్కించడం వీటితో పోలిస్తే పది నిమిషాల పని, పొడవు సరిగ్గా ఎంచుకుని ఉంటే. పొడవాటి షాక్ కొంటే మంచిదన్న భ్రమ ఒకటుంది. బంప్ స్టాపు పూర్తిగా నలిగినప్పుడు పై మౌంటుకూ కింది మౌంటుకూ మధ్య మిగిలే దూరం కన్నా షాక్ ముడుచుకున్న పొడవు తక్కువగా ఉండాలి. లేకపోతే బండి బరువంతా బంప్ స్టాపు మీద కాక షాక్ లోపలి పిస్టన్ మీద పడుతుంది, మౌంటు విరుగుతుంది. గ్యాసు నింపిన షాకులు ముడిచి పట్టీ వేసి వస్తాయి; పై చివర బిగించి, కింది చివరను మౌంటుకు ఎదురుగా పెట్టుకుని ఆ పట్టీ కోస్తే, రాడ్డు తనంతట తానే మెల్లగా దిగి వచ్చి చోటులో కూర్చుంటుంది. పైన మరల కాడ ఉన్న రకంలో నట్టును ఎంతవరకు బిగించాలన్న సందేహం అందరికీ వస్తుంది. రబ్బరు బిళ్ల ఉబ్బి, దాని మీది ఇనుప వాషరు అంచుతో సమానమయ్యే దాకా బిగిస్తే సరిపోతుంది.

కట్టలు, షాకులు వేలాడుతూ నిలిచిన దశలోనే హబ్బుల మీదికి మళ్లాను. బ్రేకు క్యాలిపర్ విప్పి తీగతో ఛాసీకి వేలాడదీశాను. దాని బరువు బ్రేకు గొట్టం మీద పడితే గొట్టం లోపలి పొర పైకి కనిపించకుండా చిరగవచ్చు. లాకింగ్ హబ్బు విప్పి, యాక్సిల్ షాఫ్టు చివరి సర్‌క్లిప్పు తీశాక, లోపల లాకు నట్టు, దాని వెనక చెవులు మడిచిన లాకు వాషరు, దాని వెనక సర్దుబాటు నట్టు వరుసగా కనిపిస్తాయి. ఈ నట్లకు తగిన పెద్ద గొట్టం పానా లేకుండా పని మొదలుపెట్టకపోవడమే మంచిది. ఉలి, సుత్తి పెట్టి కొట్టి తిప్పే అలవాటు చాలాచోట్ల ఉంది. నట్టు తిరుగుతుంది కానీ ఎంత బిగిసిందో కొలిచే మార్గమే ఉండదు, రాలిన ఇనుప రజను సరాసరి బేరింగులోకి పోతుంది. నట్లు ఊడాక హబ్బును ముందుకు లాగేటప్పుడు బయటి బేరింగు ముందుగా జారి పడుతుంది, దాన్ని బొటనవేలితో ఆపి పట్టుకోవాలి.

కుడి హబ్బు లోపలి గ్రీజు చూడగానే కారణం తెలిసిపోయింది. గోధుమ రంగులో ఉండవలసిన గ్రీజు పలచబడి, మజ్జిగ కలిపినంత తెల్లగా ఉంది. వాగు దాటేముందు బ్రేకుల వేడికీ ప్రయాణపు వేడికీ హబ్బు కాగి ఉంటుంది. చల్లటి నీళ్లలో మునగగానే లోపలి గాలి కుంచించుకుని, సీలు పెదవి ఏమాత్రం అరిగి ఉన్నా దాని పక్క నుంచి నీటిని లోపలికి లాక్కుంటుంది. అంటే వాగులో ఎంత నెమ్మదిగా వెళ్లామన్న దాని కన్నా, దిగేముందు హబ్బు ఎంత వేడిగా ఉందన్నది ముఖ్యం. ఇప్పుడు లోతు నీళ్లు కనిపిస్తే కాసేపు ఆగి దిగుతున్నాను.

బేరింగులను డీజిలుతో కడిగి, గుడ్డతో తుడిచి ఆరబెట్టాను. కడిగిన బేరింగును కంప్రెసర్ గాలితో గిరగిరా తిప్పి ఆ కూత విని మురిసిపోయేవాళ్లను చూశాను. నూనె లేని రోలర్లు ఆ వేగానికి కేజు (రోలర్లను పట్టి ఉంచే చట్రం) నుంచి ఎగిరి వచ్చి కంట్లో కొట్టగలవు. ఆరిన తరువాత వెలుతురులో పెట్టి చూస్తే, లోపలి బేరింగు కోను (రోలర్లకు లోపల ఉండే రింగు) మీద రోలర్ల మధ్య దూరానికి సరిగ్గా సరిపోయేలా బూడిద రంగు గీతలు అడ్డంగా పడి ఉన్నాయి. బండి కదలకుండా నిలబడిన రోజుల్లో రోలరు, కోను కలిసే సన్నని చోట నీరు నిలిచి తొలిచిన గుర్తులవి. కొన్ని గీతల అంచుల్లో లోహం చిన్న పొలుసుగా లేచి గుంట పడింది. గుంతలో పడిన దెబ్బకు వచ్చే నొక్కులైతే మెరుస్తూ, నున్నగా, పల్లంగా ఉంటాయి. వేడికి దెబ్బతిన్న బేరింగు నీలం రంగు తిరుగుతుంది. కారణాన్ని బట్టి గుర్తు మారుతుంది కాబట్టి పాత బేరింగును పారేసేముందు చదవడం అవసరం. నీరు కారణమని తేలిన తరువాత సీలు మార్చకుండా బేరింగు ఒక్కటే మార్చడంలో అర్థం లేదు.

ఇంకో విషయం ఇక్కడ గమనించాను. ముందు హబ్బులో స్పిండిల్ కదలదు, దాని చుట్టూ హబ్బే తిరుగుతుంది. కాబట్టి కప్పు (రోలర్లకు బయట ఉండే రింగు) హబ్బుతో పాటు తిరుగుతూ చుట్టూరా సమానంగా అరుగుతుంది, కోను మాత్రం స్పిండిల్ మీద నిలిచి ఉండి బండి బరువును ఎప్పుడూ కింది వైపునే మోస్తుంది. అందుకే కోను స్పిండిల్ మీద చేత్తో జారేంత వదులుగా ఉండేలా చేస్తారు. నడకలో అది కొద్దికొద్దిగా జరుగుతూ, బరువు మోసే భాగాన్ని మార్చుకుంటూ ఉంటుంది. స్పిండిల్ మీద తుప్పు, గీతలు ఉంటే ఈ కదలిక ఆగిపోతుంది. సన్నటి ఎమరీ గుడ్డతో స్పిండిల్‌ను నున్నగా తుడిచి, పలచగా గ్రీజు రాసింది ఇందుకే.

బేరింగు మార్చేటప్పుడు కప్పును, కోనును జతగానే మార్చాలి. పాత కప్పులో కొత్త కోను పెట్టడమంటే పాత గుంటల మీద కొత్త రోలర్లను దొర్లించడమే. కప్పును బయటికి తీయడానికి హబ్బు లోపల ఎదురెదురుగా ఉన్న గాడుల గుండా ఇత్తడి చువ్వను ఆనించి, ఒకసారి ఈ వైపు, ఒకసారి ఆ వైపు కొడుతూ సమానంగా దింపాను. కొత్త కప్పులను ముందురోజు రాత్రి ఫ్రీజరులో పెట్టాను, అవి కొద్దిగా కుంచించుకుని తేలికగా దిగాయి. పాత కప్పును బయటివైపు కొంచెం అరగదీసి కొత్తదాని మీద బోర్లించి కొడితే అదే మంచి పనిముట్టు అవుతుంది. కప్పు అడుక్కి చేరినప్పుడు సుత్తి చప్పుడు మారుతుంది; అంతవరకూ డొల్లగా మోగినది ఒక్కసారిగా ఖణేలుమంటుంది. ఆ చప్పుడు విన్నాక కూడా వెనక నుంచి వెలుతురు కనబడుతోందేమో ఒకసారి చూసుకున్నాను.

గ్రీజుగా ఎన్‌ఎల్‌జీఐ 2 గ్రేడు (ఇది చిక్కదనపు కొలత) లిథియం కాంప్లెక్స్ రకం వాడాను. పాత గ్రీజు పూర్తిగా కడిగేయడం ముఖ్యం, ఎందుకంటే వేర్వేరు చిక్కదనపు పదార్థాలతో చేసిన గ్రీజులు కలిస్తే పలచబడి కారిపోవచ్చు. అరచేతిలో ముద్ద పెట్టుకుని, బేరింగు పెద్ద అంచును ఆ ముద్దలోకి నొక్కుతూ లాగితే గ్రీజు కేజుకూ కోనుకూ మధ్య నుంచి దూరి, రెండో చివర సన్నటి పురుగుల్లా బయటికి వస్తుంది. చుట్టూ అలా వచ్చేదాకా వదలకూడదు. పైపైన పూసిన గ్రీజు రోలర్ల వెనక ఖాళీని అలాగే ఉంచేస్తుంది. రెండు కప్పుల మధ్య హబ్బు ఖాళీలో కొంత గ్రీజు పెట్టాను కానీ నిండా కూరలేదు. అక్కడ నిండితే వేడెక్కి సీలును తోసుకుని బ్రేకు డిస్కు మీదికి వస్తుంది. సీలు పెదవికి గ్రీజు రాసి, దాన్ని చదునైన చెక్కతో అంచుకు సమానంగా దింపాను.

ఇక రెండో షరతు. 1898లో హెన్రీ టిమ్‌కెన్ పేటెంటు పొందిన ఈ టేపర్ రోలర్ బేరింగు గొప్పతనమంతా, నిలువు బరువునూ పక్క నుంచి వచ్చే తోపునూ ఒక్కటే మోయగలగడం. అయితే దాని బిగువు ముందుగా నిర్ణయమై రాదు, బిగించేవాడే పెట్టాలి. సర్దుబాటు నట్టును మాన్యువల్ చెప్పిన మొదటి అంకెకు బిగిస్తూ హబ్బును రెండు వైపులా చాలాసార్లు తిప్పాను. తిప్పకపోతే రోలర్లు కోను అంచుకు చేరకుండా వంకరగా నిలిచి, బిగిసిందన్న అబద్ధపు సంకేతం ఇస్తాయి. తరువాత నట్టును పూర్తిగా వదులు చేసి, మళ్లీ తేలికగా బిగించాను. కొన్ని బండ్ల మాన్యువళ్లు కొద్దిపాటి ఆట ఉంచమంటాయి. డయల్ గేజితో కొలిస్తే అది సాధారణంగా 0.025 నుంచి 0.125 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. నా బండి మాన్యువల్ మాత్రం ఆట లేకుండా కొంత ముందు ఒత్తిడి అడుగుతుంది. చక్రపు బోల్టుకు స్ప్రింగు త్రాసు తగిలించి లాగి, హబ్బు కదలడం మొదలైన క్షణంలో త్రాసు ఎంత చూపిందో చూడాలి. కొత్త సీలు కూడా కొంత పట్టు ఇస్తుంది కాబట్టి, నట్టు వదులుగా ఉన్నప్పుడు ముందుగా ఆ పట్టును విడిగా కొలిచి రాసుకుని, దానికి మాన్యువల్ అంకె కలుపుకోవాలి. ఆ అంకె బండిని బట్టి మారుతుంది, ఒక బండిది మరో బండికి వాడకూడదు.

అసలు చిక్కు ఆ తరువాత వస్తుంది. లాకు నట్టు బిగించగానే సర్దుబాటు నట్టు మరలలో ఉన్న సందు మూసుకుపోయి, అది లోపలికి జరుగుతుంది. అంతవరకూ సరిగ్గా ఉన్న బిగువు పెరుగుతుంది. కాబట్టి కొలత లాకు నట్టు బిగించిన తరువాత తీసుకున్నదే లెక్క. రెండు హబ్బులకూ లాకు నట్టు విప్పి, సర్దుబాటు నట్టును వెంట్రుకవాసి వెనక్కి తిప్పి, మళ్లీ బిగించి, మళ్లీ త్రాసు లాగుతూ కూర్చున్నాను. మొత్తం పనిలో ఓపిక కావలసిన చోటు ఇదొక్కటే. అంకె కుదిరాక లాకు వాషరు చెవులను ఒకటి సర్దుబాటు నట్టు వైపు, మరొకటి లాకు నట్టు వైపు మడిచాను. మరీ బిగుతైన బేరింగు వేడెక్కి త్వరగా చస్తుంది, మరీ వదులైనది రోలర్లు దడదడలాడి మెల్లగా చస్తుంది. రెండింటిలో మొదటిది దారి మధ్యలో నిలబెట్టే రకం.

చక్రాలు ఎక్కించి బండిని నేలకు దించి, ముందు భాగాన్ని బానెట్ దగ్గర చేతులతో నొక్కి వదులుతూ కట్టలు సర్దుకునేలా చేసి, కొద్ది దూరం ముందుకూ వెనక్కూ నడిపాను. ఇప్పుడు కింద దూరి, షాకిల్ బోల్టులను, కట్ట ముందు చివర బోల్టును, షాక్ కింది బోల్టును టార్కు రెంచితో పూర్తిగా బిగించాను. యూ బోల్టులను కూడా బరువు మీద మరోసారి సరిచూశాను. ఎత్తు పెరిగిన బండి కింద దూరడం మునుపటి కన్నా సుఖంగా ఉందని ఒప్పుకోవాలి.

ఎత్తు పెరిగినప్పుడు మిగిలిన భాగాలు తమ చోట్లు మార్చుకుంటాయి. డ్రాగ్ లింకు (స్టీరింగు కదలికను చక్రాలకు చేర్చే కడ్డీ) ఏటవాలు కావడంతో స్టీరింగు చక్రం వంకరగా నిలిచింది. లింకు మధ్యలోని మరల గొట్టాన్ని తిప్పి సరిచేశాను. బ్రేకు గొట్టాలను మాత్రం బండి స్టాండ్ల మీద ఉండగానే, యాక్సిల్‌ను పూర్తిగా కిందికి వదిలి, స్టీరింగును రెండు చివరలకూ తిప్పి పరీక్షించాను. ఎడమ గొట్టం తాడులా బిగుసుకోవడంతో కొంచెం పొడవైనది వేయవలసి వచ్చింది. హెడ్‌లైట్లు ఎదుటివారి కళ్లలోకి కొట్టకుండా కిందికి దించాను. ఆ తరువాత టో (ముందు చక్రాలు లోపలికో బయటికో చూసే కోణం) కొలిపించాను. గట్టి యాక్సిల్ బండికి అలైన్‌మెంటులో సులువుగా సర్దగలిగేది అదొక్కటే, కాస్టర్ సరిచేయాలంటే కట్టకూ పీటకూ మధ్య కోణపు బిళ్ల పెట్టాలి. నాకు ఆ అవసరం రాలేదు.

మొదటి ప్రయాణం కొద్ది దూరమే చేసి ఆగి, రెండు హబ్బుల మీదా చెయ్యి పెట్టి చూశాను. గోరువెచ్చగా, రెండూ ఒకేలా ఉన్నాయి. ఒకటి చెయ్యి పెట్టలేనంత కాలుతూ రెండోది చల్లగా ఉంటే బేరింగు బిగువో, పట్టేసిన బ్రేకో కారణమవుతుంది. మూలుగు పూర్తిగా పోయింది. టైర్ల మోత మిగిలింది, దానికి మందు లేదు. కొత్త కట్టలు మొదట్లో బిరుసుగా ఉన్నా, పట్టీలు ఒకదాని మీద ఒకటి సర్దుకున్న కొద్దీ కొంచెం దిగి మెత్తబడ్డాయి. అవి దిగడంతో యూ బోల్టుల బిగువు కూడా తగ్గుతుంది. కొన్ని వందల కిలోమీటర్ల తరువాత మళ్లీ రెంచి పెట్టినప్పుడు నాలుగింటికి నాలుగూ కొంత తిరిగాయి. హబ్బులను కూడా అప్పుడే లేపి ఊపి చూశాను, ఆట లేదు.

యాక్సిల్ కింద ఉన్నప్పుడే చేసిన ఇంకో చిన్న పని, డిఫరెన్షియల్ గాలి గొట్టాన్ని ఇంజను గది పై భాగం దాకా పొడిగించడం. హబ్బు సీళ్లకు దీనివల్ల ఒరిగేదేమీ లేదు, వాటి కోసం వాగు ముందు ఆగి చల్లబరచడమే మార్గం. యాక్సిల్ గొట్టం మాత్రం చల్లటి నీటిలో దిగినప్పుడు తన సీళ్ల పక్క నుంచి నీళ్లను కాక, ఈ గాలి గొట్టం గుండా గాలిని లాక్కుంటుంది. ఆ తరువాత వానాకాలం వాగుల్లో బాగా తిప్పి, డిఫరెన్షియల్ నూనె ప్లగ్గు విప్పి చూస్తే నూనె తెల్లబడలేదు. కుడి లాకింగ్ హబ్బు మూత తీసి చూసినప్పుడు గ్రీజు కూడా పెట్టిన రంగులోనే ఉంది.